కాపురం ముగిసింది, కాగితం మిగిలింది: అమెరికాలో హిస్పానిక్ పెద్దల విడాకులు

స్పానిష్‌లో ‘అగ్వాంతార్’ అని ఒక మాట ఉంది. ఓర్చుకోవడం, పంటి బిగువున భరించడం, ఎలాగోలా నెట్టుకురావడం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. అమెరికాలో స్థిరపడిన మెక్సికన్ కుటుంబాల్లో పాతతరం ఆడవాళ్ళు కాపురం సంగతి ఎత్తితే ఈ మాట దొర్లకుండా ఉండదు. తాగొచ్చినా, చెయ్యి చేసుకున్నా, ఏడాదికోసారి మొహం చూపించినా అగ్వాంతార్. పిల్లలు పెద్దయ్యేదాకా, ఆడపిల్ల పెళ్ళయ్యేదాకా, ఇంటి అప్పు తీరేదాకా. అలా నలభై ఏళ్ళు గడిపిన మనిషి అరవై మూడో ఏట ‘ఇక నావల్ల కాదు’ అంటే చుట్టూ ఉన్నవాళ్ళు అడిగేది ఒకటే: ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకు?

అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. నావల్ల కాదన్నాక ఆమె ఏం చేసింది? సూట్‌కేసు సర్దుకుని కూతురింటికి వెళ్ళిందా, కోర్టుకి వెళ్ళి కాగితం తెచ్చుకుందా? ఈ కుటుంబాల్లో మొదటి దారి పట్టేవాళ్ళు చాలామందే. విడిపోవడం వాళ్ళకి తెలుసు, విడాకులే అలవాటు లేదు. ఆ తర్వాత పాతికేళ్ళ బతుకు ఎలా సాగుతుందన్నది చాలావరకు ఈ ఒక్క తేడా మీదే ఆధారపడుతుంది.

యాభై దాటాక తీసుకునే విడాకులకి అమెరికాలో ‘గ్రే డివోర్స్’ అని పేరు. నెరిసిన జుట్టు విడాకులన్నమాట. ఒహైయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో సూసన్ బ్రౌన్, ఐ-ఫెన్ లిన్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు దీన్ని ఏళ్ళ తరబడి లెక్కగడుతున్నారు. 1990లో యాభై దాటిన వివాహితుల్లో ఏడాదికి వెయ్యి మందిలో సుమారు 5 మంది విడాకులు తీసుకునేవారు. 2010కి అది 10 అయింది. 1990లో విడాకులు పొందినవాళ్ళలో యాభై దాటినవాళ్ళు పదింట ఒక వంతు కూడా లేరు. 2019కి వాళ్ళ వాటా 36 శాతం. అరవై అయిదు దాటినవాళ్ళలో ఈ పెరుగుదల ఇంకా ఎక్కువ. 2010 లెక్కల్లో హిస్పానిక్‌ల, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళ, రేటు తెల్లవారి రేటు కన్నా కొంచెం ఎక్కువ, నల్లవారి రేటు కన్నా తక్కువ. అయితే ఇవన్నీ కోర్టు కాగితం పుచ్చుకున్నవాళ్ళ లెక్కలు. సూట్‌కేసు సర్దుకున్నవాళ్ళు వీటిలో లేరు.

హిస్పానిక్ అన్నది అసలు ఒక్క జాతి పేరు కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 2020 జనాభా లెక్కల్లో తమని ఈ పేరు కింద నమోదు చేసుకున్నవాళ్ళు 6.21 కోట్ల మంది. మెక్సికన్ మూలాలవాళ్ళది అందులో సగానికి పైగా వాటా. మిగిలినవాళ్ళలో ప్యూర్టో రికన్లు, క్యూబన్లు, సాల్వడోర్ వాళ్ళు, డొమినికన్లు, కొలంబియన్లు ఉంటారు. విడాకుల విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో చరిత్ర. క్యూబాలో 1918 నుంచే విడాకుల చట్టం ఉంది. మెక్సికోలో విప్లవం రోజుల్లో, 1914 చివర్లో వచ్చింది. అర్జెంటీనా 1987 దాకా ఆగింది. చిలీలో అయితే 2004 దాకా విడాకులన్నవే లేవు. చిలీ రాజధాని శాంటియాగోలో పుట్టి పెరిగిన డెబ్బై ఏళ్ళావిడకి, క్యూబా రాజధాని హవానాలో పుట్టి మయామీలో ముసలిదైన ఆవిడకి ‘విడాకులు’ అన్న మాట ఒకేలా వినిపించదు. మొదటావిడ పెళ్ళి చేసుకున్న నాటికి ఆమె దేశంలో ఆ తలుపే లేదు.

కాబట్టి ఇక్కడి నుంచి వచ్చే మాటలు ఎక్కువగా మెక్సికన్ కుటుంబాలకి వర్తిస్తాయి.

ఈ తరం పెళ్ళిళ్ళు ఎలా సాగాయో తెలిస్తే ‘ఇప్పుడెందుకు’ అన్నదానికి సగం జవాబు దొరుకుతుంది. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో పథకం కింద మెక్సికో మగవాళ్ళు అమెరికా పొలాల్లో పనికి వచ్చారు. దాదాపు 45 లక్షల కాంట్రాక్టులు రాశారు. వచ్చింది మగవాళ్ళే, పెళ్ళాలు ఊళ్ళోనే. పథకం ఆగిపోయినా అలవాటు ఆగలేదు. కొడుకులు అదే దారిన కాగితాల్లేకుండా వచ్చారు. డిసెంబర్‌లో ఇంటికెళ్ళి ఫిబ్రవరిలో తిరిగొచ్చేవారు. 1986 వలస చట్టం సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధమైన హోదా ఇచ్చాక చాలామంది పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోగలిగారు. ఇప్పుడు అరవై అయిదూ డెబ్బైల్లో ఉన్న జంటల్లో ఇలా పదేసి ఏళ్ళు వేరువేరుగా బతికినవాళ్ళు ఎందరో. వచ్చాక కూడా ఆయనది పగటి షిఫ్టు, ఆమెది రాత్రి ఆఫీసుల క్లీనింగ్. ఇద్దరూ రోజంతా ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నది రిటైరయ్యాకే. పైకి నలభై ఏళ్ళ కాపురం. కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే అందులో సగం కూడా తేలకపోవచ్చు. పిల్లలు ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరికీ పెద్దగా పరిచయం లేదని అప్పుడు బయటపడుతుంది.

ఆయుష్షు సంగతి కూడా చూడాలి. ఆదాయం తక్కువైనా హిస్పానిక్‌లు సగటున తెల్లవారి కన్నా ఎక్కువ కాలం బతుకుతారు. 2019లో వారి సగటు ఆయుర్దాయం 81.9 ఏళ్ళు, తెల్లవారిది 78.8. కోవిడ్ ఏళ్ళలో ఈ తేడా తగ్గినా మొత్తం మాసిపోలేదు. అరవై రెండో ఏట ‘ఇంకెంత కాలంలే’ అని సరిపెట్టుకోవడానికి లేదు. ముందు ఇరవై ఏళ్ళున్నాయి.

మరి కోర్టుకి ఎందుకు వెళ్ళరు? అందరూ ముందు చర్చి పేరు చెబుతారు. కొంత నిజమే, కానీ అంత నిజం కాదు. ప్యూ రిసెర్చ్ అనే సర్వే సంస్థ లెక్కల్లో 2010లో హిస్పానిక్ పెద్దల్లో 67 శాతం మంది తాము క్యాథలిక్కులమని చెప్పారు. 2022కి ఆ సంఖ్య 43 శాతానికి పడిపోయింది. పాతతరంలో విశ్వాసం ఇంకా గట్టిగానే ఉంది, అయితే దానితోపాటు ఒక అపోహ కూడా పాతుకుపోయింది. విడాకులు తీసుకుంటే చర్చిలో కమ్యూనియన్, అంటే ఆరాధనలో ఇచ్చే పవిత్ర రొట్టె, ఇవ్వరని చాలామంది నమ్మకం. క్యాథలిక్ నియమం ప్రకారం విడాకులు తీసుకున్నంత మాత్రాన కమ్యూనియన్ ఆగదు. మొదటి పెళ్ళి చెల్లదని చర్చి తేల్చకుండా రెండో పెళ్ళి చేసుకుంటేనే చిక్కు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ తేల్చే పద్ధతిని కూడా సులువు చేశారు. అయినా ఆదివారం మాస్ అనే ఆరాధనలో వెనక వరసలోకి జరిగి, అందరూ లేచి వెళ్తుంటే తాను కదలకుండా కూర్చునే పెద్దావిడకి ఇది ఎవరూ చెప్పి ఉండరు. ఆమె అడిగీ ఉండదు.

చర్చి కన్నా గట్టిది ‘ఎల్ కే దిరాన్’. అంటే అక్షరాలా మన ‘నలుగురూ ఏమనుకుంటారు’. దీనికి వేరే వివరణ తెలుగువాళ్ళకి అక్కర్లేదు.

ఆ పైన కాగితాల భయం. కాలిఫోర్నియాలో విడాకుల అర్జీ పెట్టడానికే 435 డాలర్ల పైన ఫీజు. స్తోమత లేనివాళ్ళు మినహాయింపు కోరవచ్చు, కానీ దానికీ ఇంకో కాగితం. అర్జీ పెట్టాక కనీసం ఆరు నెలలు ఆగాలి. ఇంట్లో ఎవరికో ఒకరికి ఇమిగ్రేషన్ కాగితాలు సరిగా ఉండవు, కోర్టు మెట్లెక్కితే ఆ తీగ లాగితే డొంకంతా కదులుతుందేమోనన్న టెన్షన్. ఈ భయం మీద బతికే మోసం కూడా ఒకటుంది. లాటిన్ అమెరికా దేశాల్లో ‘నోతారియో పూబ్లికో’ అంటే పెద్ద లాయరు, ప్రభుత్వం నియమించిన హోదా. అమెరికాలో నోటరీ అంటే సంతకం సరిచూసి ముద్ర వేసే మనిషి, అంతే. ఆ పేరులోని పోలికని వాడుకుని వీధి చివర బోర్డు పెట్టి, విడాకుల కాగితాలు నింపుతామని డబ్బు గుంజేవాళ్ళున్నారు. డబ్బు కట్టి, సంతకం పెట్టి, విడాకులు అయిపోయాయనుకుని ఏళ్ళ తరబడి బతికి, కోర్టులో అసలు ఏ కేసూ దాఖలు కాలేదని ఆనక తెలుసుకునేవాళ్ళు కూడా ఉంటారు.

ఇన్ని కారణాల మధ్య ‘ఈ వయసులో కోర్టు ఎందుకు, ఆయన దారి ఆయనది, నా దారి నాది’ అనుకోవడం సహజమే. ఒకే ఇంట్లో చెరో గదిలో ఉండేవాళ్ళకీ ఒక సామెత ఉంది: ‘హుంతోస్ పెరో నో రెవుఎల్తోస్’. కలిసే ఉన్నాం కానీ కలగలిసి లేమని. ఆ ఏర్పాటుతో మనసు కుదుటపడవచ్చు. డబ్బు లెక్క మాత్రం కుదరదు. ఎలాగో ఒక ఉదాహరణలో చూడాలి.

ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ ఉందనుకుందాం. 1962లో పుట్టింది, ముప్ఫై అయిదేళ్ళ కాపురం. నలుగురి ఇళ్ళు తుడిచి, నలుగురి పిల్లల్ని పెంచింది. జీతం ఎప్పుడూ చేతికి నోట్లే. అమెరికాలో సొంత సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, అంటే పన్ను కట్టిన పని కనీసం పదేళ్ళు చెయ్యాలి. 1935లో ఆ చట్టం వచ్చినప్పుడు ఇంటిపనివాళ్ళనీ పొలం కూలీలనీ బయటే ఉంచారు. 1950ల్లో లోపలికి తెచ్చారు. కాగితం మీద వచ్చారు గానీ చేతికి నోట్లు ఇచ్చే అలవాటు మాత్రం పోలేదు. అందుకే ఈవిడ సొంత ఖాతాలో ఏమీ లేదు. భర్త నిర్మాణం పనిలో ఉన్నాడు, చట్టబద్ధంగా పన్ను కట్టాడు. పూర్తి పెన్షన్ వయసులో ఆయనకి నెలకి 1,800 డాలర్ల పెన్షన్ వస్తుందనుకుందాం.

ఇప్పుడు ఇద్దరూ విడిపోయారు, విడాకులు లేవు. చట్టం దృష్టిలో ఈవిడ ఇంకా భార్యే. భార్యగా ఆయన లెక్క మీద పెన్షన్ రావాలంటే ముందు ఆయన తన పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన ‘డెబ్బై దాకా పనిచేస్తా’ అని కూర్చుంటే ఈవిడకి పైసా రాదు. అడిగేంత మాటలు వాళ్ళ మధ్య లేవు.

అదే విడాకులు తీసుకుని ఉంటే? పెళ్ళి కనీసం పదేళ్ళు నిలిచి, విడాకులై రెండేళ్ళు దాటి, ఇద్దరికీ 62 నిండి, ఈవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే చాలు. ఆయన దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా ఈవిడ తన వాటా తాను తీసుకోవచ్చు. పూర్తి వయసు దాకా, అంటే 67 దాకా ఆగితే ఆయన పెన్షన్‌లో సగం, 900 డాలర్లు. 62కే తీసుకుంటే 585. ఆయన పోతే దాదాపు ఆయన అందుకున్నంత మొత్తం ఈవిడకే రావచ్చు. సొంతంగా 40 క్రెడిట్లు లేకపోయినా, ఆ పదేళ్ళ పెళ్ళి ఆసరాగా అరవై అయిదో ఏట పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో ఆసుపత్రి భాగం ప్రీమియం లేకుండా దొరుకుతుంది.

విడాకులు తీసుకుంటే హక్కులు పోతాయని భయపడి భార్యగానే ఉండిపోయిన మనిషికి, విడాకులు తీసుకుని ఉంటే ఆ హక్కు తన చేతిలోనే ఉండేది. ఈ మెలిక తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా కొందరు ‘ఆయన నోటి దగ్గర కూడు లాక్కోవడమెందుకు’ అని ఆగిపోతారు. ఆయన పెన్షన్‌లో ఒక్క డాలరు తగ్గదు, ఆయనకి ఉత్తరం కూడా వెళ్ళదు. ఆ సొమ్ము ప్రభుత్వ నిధి నుంచి వస్తుంది. తొమ్మిదేళ్ళ పదకొండు నెలలకి విడాకులు తీసుకుంటే మాత్రం ఏమీ రాదు. ఇంకొక షరతు: అమెరికాలో ఉండి ఈ డబ్బు అందుకోవాలంటే పౌరసత్వమో చట్టబద్ధమైన నివాస హోదానో ఉండాలి.

ఆస్తి దగ్గరకి వస్తే ఇంకో విచిత్రం. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, అరిజోనా లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో కాపురంలో సంపాదించినదంతా ఇద్దరి ఉమ్మడి సొత్తు. ఈ సూత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చింది కాదు. స్పెయిన్ పాత చట్టాల్లోని ‘బియెనెస్ గనాన్సియాలెస్’ పద్ధతి ఇది. ఆ నేలల్ని మెక్సికో పోగొట్టుకున్నాక, టెక్సస్ 1840లో, కాలిఫోర్నియా 1849 రాజ్యాంగంలో దీన్ని అట్టేపెట్టుకున్నాయి. భార్య సంపాదన మీద, ఆస్తి మీద భర్తదే పెత్తనమన్న ఇంగ్లిష్ చట్టం మిగతా అమెరికాలో రాజ్యమేలుతున్న రోజులవి. ఇవాళ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కోర్టులో స్పానిష్ మాట్లాడే అవ్వ ఇంట్లో సగం వాటా అడుగుతోందంటే అది ఆమె పూర్వీకుల భాషలో రాసిన చట్టమే.

అయితే టెక్సస్‌లో ‘చట్టబద్ధంగా వేరుపడటం’ అన్న పద్ధతి లేదు. విడాకుల తీర్పు వచ్చేదాకా పెళ్ళి పెళ్ళే. కాబట్టి పదిహేనేళ్ళ క్రితం విడిపోయి, ఆ పదిహేనేళ్ళలో టమాలెలనే మొక్కజొన్న పిండివంట అమ్మి, ఇళ్ళు తుడిచి ఒక చిన్న ఇల్లు కొనుక్కున్న ఆవిడ ఇంటిలో, ఎక్కడో హ్యూస్టన్‌లో ఇంకొకరితో ఉంటున్న భర్తకీ వాటా ఉందనే చట్టం ముందుగా అనుకుంటుంది. ఆయన సంపాదనలో ఆమెకీ ఉంది, కానీ ఆయన దాచింది ఏమైనా ఉంటే కదా. కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడ విడిపోయిన తేదీ నుంచి ఎవరి సంపాదన వారిది. అందుకే అక్కడి అర్జీ ఫారంలో పెళ్ళి తేదీ పక్కనే విడిపోయిన తేదీ కూడా అడుగుతారు.

పాతిక ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా పెళ్ళే లేనివాళ్ళ సంగతి ఇంకా తలనొప్పి. ‘ఊనియోన్ లీబ్రే’ అని, తాళీ రిజిస్ట్రేషనూ లేకుండా కలిసి బతకడం లాటిన్ అమెరికా పేదల్లో పాత మాట. చర్చిలో మాత్రమే పెళ్ళి చేసుకున్న మెక్సికో జంటలదీ ఇదే గతి. అక్కడ 1859 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదైన పెళ్ళే చట్టం ముందు పెళ్ళి. టెక్సస్ ఇలాంటి జంటల్ని కొన్ని షరతుల మీద భార్యాభర్తలుగా గుర్తిస్తుంది. కానీ విడిపోయిన రెండేళ్ళలోపు అడగకపోతే అసలు పెళ్ళే లేదనుకోవడం నుంచి కోర్టు మొదలవుతుంది. కాలిఫోర్నియాలో కలిసి బతికినంత మాత్రాన పెళ్ళి అయినట్టు కాదు. ముప్ఫై ఏళ్ళు ఆయనకి వండిపెట్టిన మనిషి అక్కడ చట్టం ముందు భార్య కాదు.

డబ్బు లెక్కల్లో ఈ వయసు విడాకులు ఎవరికైనా గట్టి దెబ్బే. లిన్, బ్రౌన్ 2021లో వెల్లడించిన దాని ప్రకారం యాభై దాటి విడిపోయిన ఆడవాళ్ళ జీవన ప్రమాణం 45 శాతం, మగవాళ్ళది 21 శాతం పడిపోతుంది. ఆస్తి ఇద్దరికీ సగమవుతుంది. ఇది అమెరికన్లందరినీ కలిపి చెప్పిన లెక్క. హిస్పానిక్ ఇళ్ళల్లో సగం చేయడానికి ఉన్నదే తక్కువ. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో తెల్లవారి కుటుంబం మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లయితే హిస్పానిక్ కుటుంబానిది 61,600. రిటైర్మెంట్ ఖాతా ఉన్న హిస్పానిక్ కుటుంబాలు మూడో వంతు కూడా లేవు. ఉన్న ఆస్తల్లా ఇల్లు. ఇటుకల్ని సగానికి కోసి పంచలేరు. అమ్మితే వచ్చిన సగంతో అదే పేటలో ఒంటి గది ఫ్లాటు కూడా రాదు.

అప్పుడు కూతురిల్లు. పైనుంచి చూసేవాళ్ళు ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చుకుంటారు: వీళ్ళది కుటుంబాన్ని వదలని జాతి, పెద్దల్ని రోడ్డు మీద పడెయ్యరని. ఇది నిజం. 2021 ప్యూ లెక్కల్లో అమెరికాలోని హిస్పానిక్‌లలో 26 శాతం మంది రెండు మూడు పెద్దల తరాలో, తాతా బామ్మలూ మనవలూ కలిసో ఉండే ఇళ్ళల్లో ఉంటున్నారు, తెల్లవారిలో అది 13 శాతం. తెల్ల స్త్రీకి విడాకుల తర్వాత ఎదురయ్యే ఒంటరి అపార్ట్‌మెంటు ఈమెకి చాలావరకు తప్పుతుంది. కానీ ఆ ఇంట్లో ఆమె ఏ హోదాలో ఉంటుందో చూడాలి. పొద్దున్న ఆరింటికి లేచి మనవలకి టిఫిన్, స్కూలు బస్సు, మధ్యాహ్నం చంటిదాని డైపర్లు, సాయంత్రం అల్లుడు వచ్చేసరికి వంట. పడక మనవరాలి గదిలో రెండో మంచం. గదికి తాళం లేదు, బట్టలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో. డేకేర్‌కి నెలకి వెయ్యి పైన పెట్టాల్సిన కూతురికి ఇది పెద్ద ఆదా, తల్లికి జీతం లేని ఉద్యోగం. మొగుడి ఇంట్లో చేసిన చాకిరీని వదిలించుకున్నానని బయల్దేరిన మనిషి అదే చాకిరీకి ఇల్లు మార్చుకుంటుంది. ఇందులో కూతురి తప్పేమీ లేదు, ఆమెకీ రెండు ఉద్యోగాలు. బామ్మగా ఆ చాకిరీలో ఆనందం లేదనీ అనలేం. కానీ ‘కుటుంబం చూసుకుంటుంది’ అన్న మాటలో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారన్నది ఒకసారి ఆగి లెక్క వేసుకోవాలి. సొంతంగా 900 డాలర్లు వచ్చే అవ్వ ‘శనివారం నాకు కుదరదు’ అనగలదు. ఏమీ రానావిడ అనలేదు.

మగవాళ్ళ కథ ఇంకోలా ఉంటుంది. డబ్బు పరంగా వాళ్ళు తక్కువ నష్టపోతారు, మనుషుల పరంగా ఎక్కువ. ఈ తరం ఇళ్ళల్లో పిల్లలకి ఫోన్ చేసేది తల్లి, పుట్టినరోజులు గుర్తుంచుకునేది తల్లి, కొమాద్రేలతో, అంటే పిల్లల జ్ఞానస్నాన తల్లులతో రాకపోకలు నడిపేది తల్లి. తండ్రి ఆ ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఆ బంధువులు ఆయనకీ బంధువులు. ఆమె వెళ్ళిపోతే ఆ తీగలన్నీ ఆమెతో వెళ్ళిపోతాయి. పెద్ద వయసు విడాకుల తర్వాత పెద్దపిల్లలు తల్లికి దగ్గరవుతారనీ తండ్రికి దూరమవుతారనీ పరిశోధనలు కూడా చెబుతున్నాయి. మయామీ లిటిల్ హవానాలో కాయె ఓచో వీధి మీద మాక్సిమో గోమెజ్ పార్కు ఉంది. పొద్దున్నుంచీ పెద్దాయనలు డామినోలు ఆడుకుంటూ, క్యూబా రాజకీయాలు అరుచుకుంటూ కనిపిస్తారు. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. బల్ల దగ్గర ఎంత సందడైనా పొద్దుగూకాక ఎవరి ఇంట్లో కూర ఉందో, ఎవరి ఇంట్లో లేదో ఆ ఫొటోల్లో తెలియదు. ఎక్కువగా విడాకులు అడుగుతున్నది ఆడవాళ్ళే. పెద్ద వయసువాళ్ళ సంఘం ఏఏఆర్‌పీ 2004లో విడాకులు తీసుకున్న నలభై నుంచి డెబ్బై తొమ్మిది ఏళ్ళ మధ్యవాళ్ళని అడిగితే 66 శాతం మంది స్త్రీలు తామే ముందు అడిగామన్నారు. మగవాడికి అది చాలాసార్లు పిడుగుపాటు. సొంతంగా అన్నం వండుకోవడం అరవై ఎనిమిదో ఏట నేర్చుకోవడం నవ్వులాట కాదు.

ఆసుపత్రి సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి తరఫున నిర్ణయం చెప్పేది ఎవరు? ముందే రాసిపెట్టిన కాగితం లేకపోతే చాలా రాష్ట్రాల్లో డాక్టర్లు ముందు చట్టబద్ధమైన భర్తనో భార్యనో అడుగుతారు. పదేళ్ళుగా మాటల్లేని మనిషిని.

భాష దగ్గర పిల్లలు చిక్కుకుపోతారు. చిన్నప్పటి నుంచి బ్యాంకులో, ఆసుపత్రిలో అమ్మానాన్నలకి దుబాసీ పని చేసిన కూతురే ఇప్పుడు లాయరు ఆఫీసులోనూ కూర్చుంటుంది. లాయరు ఫారం చూసి ఇంగ్లిష్‌లో అడుగుతాడు: విడిపోయిన తేదీ? కూతురు తల్లి వైపు తిరుగుతుంది. తల్లి చెప్పే జవాబు ఆయన ఇల్లు వదిలిన తేదీ కాకపోవచ్చు. మూడో బిడ్డ పుట్టిన ఏడాది కావచ్చు, ఆ మూడో బిడ్డ ఇప్పుడు దుబాసీగా కూర్చున్న ఈ పిల్లే కావచ్చు. కాలిఫోర్నియా కోర్టుల్లో కుటుంబ కేసులకి కోర్టే ఉచితంగా దుబాసీని ఇస్తుంది. లాయరు గదిలో ఆ సదుపాయం ఉండదు. ఎంత కష్టమైనా బయటి మనిషిని తెచ్చుకోవడమే మేలు. తల్లి చెప్పాల్సినవి కొన్ని కూతురి నోట రాకూడనివి.

భార్యనో భర్తనో స్పాన్సర్ చేసి తెచ్చుకున్నవాళ్ళకి ఇంకొక సంగతి. గ్రీన్ కార్డు కోసం సంతకం పెట్టిన పోషణ హామీ విడాకులతో రద్దు కాదు. అవతలి మనిషి పౌరుడయ్యేదాకానో, 40 క్రెడిట్ల పని పూర్తయ్యేదాకానో, దేశం విడిచి వెళ్ళేదాకానో, చనిపోయేదాకానో అది అమల్లోనే ఉంటుంది. ఈ నియమాలేవీ హిస్పానిక్‌ల కోసం ప్రత్యేకంగా రాసినవి కావు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకీ ఇదే 40 క్రెడిట్ల లెక్క, ఇదే పదేళ్ళ గీత. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం భారత్‌తో అమెరికాకి లేదు. మెక్సికోతో 2004లో సంతకాలయ్యాయి గానీ అది అమల్లోకి రాలేదు. కాబట్టి అక్కడ ఇరవై, ఇక్కడ ఎనిమిదేళ్ళు పనిచేసిన వ్యక్తి చేతికి ఇక్కడి నుంచి ఏదీ రాదు, మెక్సికన్ అయినా మనవాడైనా.

కొందరు ఊరికి తిరిగి వెళ్ళిపోదామనుకుంటారు. ముప్ఫై ఏళ్ళు పంపిన డాలర్లతో మెక్సికోలోని జకాటెకాస్‌లోనో మిచోవకాన్‌లోనో కట్టిన రెండంతస్తుల ఇల్లు, ఏడాదిలో పదకొండు నెలలు తాళం. విడాకులప్పుడు ఆ ఇల్లు ఎవరిదన్నది పెద్ద తగాదా, ఎందుకంటే స్థలం చాలాసార్లు ఆయన అన్న పేరు మీదో తల్లి పేరు మీదో ఉంటుంది. అక్కడికి వెళ్ళి ఉండేవాళ్ళు అక్కడి ఖర్చుల్లో హాయిగా గడుపుతారు, ఒంట్లో బాగుంటే. మెడికేర్ సరిహద్దు దాటదు.

తోడు దొరికినవాళ్ళు కూడా పెళ్ళి దాకా వెళ్ళడానికి ఆలోచిస్తారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాజీ భర్త లెక్క మీద వచ్చే పెన్షన్ మామూలుగా ఆగిపోతుంది. ఆయన చనిపోయాక వచ్చేదైతే అరవై దాటి చేసుకున్న పెళ్ళితో ఆగదు. ఈ లెక్క తెలిసినవాళ్ళు వేరువేరు ఇళ్ళల్లోనే ఉండి ఆదివారాలు కలుస్తారు. వాళ్ళ కన్నా ఎక్కువమంది ఆడవాళ్ళు అసలు వెతకనే వెతకరు. ‘మాస్ వాలే సోలా కే మాల్ అకోంపన్యాదా’ అంటారు, పాడు తోడు కన్నా ఒంటరితనమే నయమని. ఆ మాట అనడానికి ముందు ఏళ్ళు పడుతుంది. యాభై దాటి విడిపోయినవాళ్ళలో దిగులు తగ్గి మామూలు కావడానికి సుమారు నాలుగేళ్ళు పడుతుందని బ్రౌన్, లిన్ బృందం గమనించింది.

ఇంట్లో ఈ సర్దుబాటు ఎంతవరకు వచ్చిందో తేలేది మనవరాలి కిన్సెన్యేరా రోజు. పదిహేనేళ్ళు నిండిన ఆడపిల్లకి చర్చిలో మాస్, ఆపైన హాల్లో విందు, వాల్ట్జ్ నాట్యం. కేకు ఖర్చు ఒకరు, కిరీటం ఖర్చు ఒకరు, బూట్ల ఖర్చు ఒకరు పెట్టుకుంటారు, వాళ్ళ పేర్లు మద్రీనా, పద్రీనో అని ఆహ్వానంలో అచ్చవుతాయి. తాతా బామ్మలుంటే ‘ఫలానా దంపతులు’ అని ఒకే వరసలో. విడిపోయిన తాతా బామ్మలున్న ఇంట్లో ముందు రోజు రాత్రి వంటింటి బల్ల మీద టేబుళ్ళ లిస్టు నాలుగుసార్లు కొట్టేసి రాస్తారు. తాతని రెండో టేబుల్‌లో పెడితే బామ్మ అక్కచెల్లెళ్ళు లేచి వెళ్ళిపోతారు, అయిదులో పెడితే ఆయన కొంపాద్రేలు, అంటే పిల్లల జ్ఞానస్నాన తండ్రులు, అలుగుతారు. చివరికి ఆయన డామినో స్నేహితులతో మూడో టేబుల్‌కి ఒప్పుకుంటారు. ఆహ్వానంలో కేకు పక్కన మాత్రం బామ్మ పేరు ఒక్కటే ఉంటుంది, వెనకా ముందూ ఇంకెవరి పేరూ లేకుండా.